చిన్న కాలేజీలో క్లబ్బులు, ఆనర్ సొసైటీ: నిలబడేలా నడపడం ఎలా?

లంక_లెక్చరర్
కోనసీమలో చిన్న డిగ్రీ కాలేజీ. మూడేళ్ళూ కలిపి 340 మంది. కాగితం మీద క్లబ్బులు మాత్రం 14. ఎకో, రెడ్ రిబ్బన్, కన్స్యూమర్, లిటరరీ, మ్యాథ్స్, క్విజ్, ఇంకా ఉన్నాయి. ఏ ఫైలు తెరిచినా అవే ఇరవై పేర్లు, అవే నాలుగు ఫొటోలు. సాయంత్రం ఉంచుదామంటే 4:40 బస్సు పోతే సగం మందికి ఇల్లు చేరే దారి లేదు. రేవు దాటి వచ్చేవాళ్ళకైతే ఇంకా కష్టం.

ఇప్పుడు అమెరికా కాలేజీల్లో ఉన్నట్టు మన దగ్గర కూడా ‘ఆనర్ సొసైటీ’, అంటే బాగా చదివే పిల్లల్ని ఎంచి గౌరవంగా సభ్యులుగా చేర్చుకునే సంఘం, పెట్టాలంటున్నారు పెద్దలు. ఇదే సమయంలో ఫైనలియర్ పిల్లలకి “మీరు అంతర్జాతీయ ఆనర్ సొసైటీకి ఎంపికయ్యారు, వారంలోగా రుసుము కట్టండి” అని మెయిల్స్ వస్తున్నాయి. కట్టాలా అని అడుగుతున్నారు.

నేను అడిగేవి మూడు. ఇంత చిన్న కాలేజీకి ఎన్ని క్లబ్బులు చాలు? ఆనర్ సొసైటీ సొంతంగా పెట్టుకోవచ్చా, పెడితే ఎంపిక ఎలా? ఆ మెయిల్స్‌ని నమ్మొచ్చా?

డెల్టా_కామర్స్
మూడోదానికి ముందు జవాబు, ఎందుకంటే దానికే గడువుంది. కట్టొద్దనండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

గౌతమి_గట్టు
14 ఎక్కువే. 340 మందిలో పాఠాలయ్యాక కూడా పనిచేసే ఓపిక ఉన్నవాళ్ళు సగం అనుకున్నా 170. క్లబ్బు కళగా ఉండాలంటే 25 నుంచి 30 మంది కావాలి, అందులో 10 మంది ప్రతిసారీ రావాలి. ఈ లెక్కన 5 లేదా 6. అంతకంటే పెంచితే ఒకే పిల్లని నాలుగు చోట్ల కార్యదర్శిని చేయాల్సి వస్తుంది. ఆ పిల్ల పరీక్షలకి సెలవు పెట్టిందంటే నాలుగూ ఆగిపోతాయి.

తణుకు_ఫిజిక్స్
గౌతమి గారి లెక్క సరే కానీ, క్లబ్బులు మూసేస్తే కాలేజీలకి గుర్తింపు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళకి ఏం చూపిస్తారు? అయిదో క్రైటీరియన్‌లో విద్యార్థుల కార్యక్రమాల లెక్క అడుగుతారు, అదీ అయిదేళ్ళది.

పీవో_మాస్టారు
తణుకు గారూ, అడిగేది ఏం జరిగిందని. క్లబ్బులు ఎన్నని కాదు. న్యాక్ తరఫున వచ్చే పీర్ టీమ్ పిల్లలతో విడిగా కూర్చుని “మీ కన్స్యూమర్ క్లబ్ ఈ ఏడాది ఏం చేసింది” అని అడిగినప్పుడు పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటే, ఆ ఒక్క క్షణంలో మిగతా పదమూడు ఫైళ్ళ మీద కూడా నమ్మకం పోతుంది.

ఇంకోటి. రెడ్ రిబ్బన్ క్లబ్ లాంటివి పేరు మార్చడానికి వీల్లేనివి. అది ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యక్రమం, ఆ పేరుతోనే నివేదిక పంపాలి. కాబట్టి పేర్లు ఉండనివ్వండి, పనులు కలపండి. ఎకో, కన్స్యూమర్, రెడ్ రిబ్బన్ మూడింటికీ ఎన్ఎస్ఎస్ యూనిట్‌లోంచే బృందాలు వేయండి. యూనిట్‌లో 100 మంది, ఒక ప్రోగ్రాం ఆఫీసర్. వలంటీరు ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళకి 240 గంటలు చేయాలి. ఎకో క్లబ్ పని ఈ గంటల్లోనే రాసుకోవచ్చు. పిల్లలకి ఒకే శ్రమ, కాలేజీకి రెండు రికార్డులు. దొంగలెక్క కాదిది, చేసిన పనే. ఏ తేదీన ఎన్ని గంటలో డైరీలో అదే రోజు రాయించాలి, అంతే.

రాజోలు_రాణి
అదే రోజు అన్నది మాత్రం రెండుసార్లు చదవండి అందరూ. మార్చిలో కూర్చుని 120 గంటలు ఒకే పెన్నుతో రాస్తే చూడగానే తెలిసిపోతుంది.

కాలువ_గట్టు
బస్సు సమస్యకి ఎవరూ జవాబు చెప్పలేదు. సాయంత్రం మీటింగ్ అన్నంతకాలం ఆడపిల్లలు రారు. రాలేరు. టైంటేబుల్లోనే వారానికి ఒక క్లబ్ అవర్ పెట్టించండి. చివరి పీరియడ్‌లో మాత్రం వద్దు, ముందు బస్సుకి జారుకుంటారు. లంచ్ ముందు పీరియడ్ మంచిది. ఆ గంట అన్ని క్లాసులకీ ఒకేసారి ఖాళీ ఉండాలి. లేకపోతే కామర్స్ వాళ్ళకి కుదిరితే సైన్స్ వాళ్ళకి ల్యాబ్ ఉంటుంది.

గౌతమి_గట్టు
సైన్స్ ల్యాబ్ మూడు గంటలు వరుసగా ఉంటుంది, దాన్ని మధ్యలో కోయలేరు. అందుకే ముందు ల్యాబ్ స్లాట్లు వేసుకుని, ఏ ల్యాబూ లేని గంట ఏదో చూసి, దాన్నే క్లబ్ అవర్ చేయాలి. టైంటేబుల్ పూర్తయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు. జూన్‌లోనే అడగాలి.

లంక_లెక్చరర్
క్లబ్ అవర్ మాట బాగుంది. ప్రతివారం చేయించడానికి పని ఉంటుందా అన్నది సందేహం.

కాలువ_గట్టు
ప్రతివారం అక్కర్లేదండి. మన వైపు ఏడాదిని చూడండి. జూలైలో ఊడ్పులు, ఆ వెంటే గోదావరికి వరద. లంకల పిల్లలు వారాల తరబడి రారు. నవంబరు, డిసెంబరు కోతలు. జనవరిలో సంక్రాంతి, కనుమకి జగ్గన్నతోట ప్రభలతీర్థం. ఆ తర్వాత భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం. మార్చి నుంచి పరీక్షల హడావుడి. మిగిలేవి రెండే ముక్కలు. ఆగస్టు మూడోవారం నుంచి అక్టోబరు చివరి దాకా ఒకటి, సంక్రాంతి తర్వాత ఫిబ్రవరి చివరి దాకా రెండోది. ఈ రెండింటిలో కలిపి 8 మీటింగులు జరిగితే ఆ క్లబ్బు బతికున్నట్టే. మిగతా క్లబ్ అవర్లు లైబ్రరీకి వాడుకోండి.

వశిష్ట_తీరం
వీటిని ‘దినాల క్లబ్బులు’ చేయకండి దయచేసి. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 24 ఎన్ఎస్ఎస్ దినం, డిసెంబరు 22 గణిత దినోత్సవం, ఫిబ్రవరి 28 సైన్స్ డే. బ్యానర్ కట్టి, దీపం పెట్టి, ఇద్దరు మాట్లాడితే అయిపోయిందనుకుంటున్నారు. మధ్యలో ఉన్న రెండు నెలల్లో మ్యాథ్స్ క్లబ్ ఏం చేస్తోందో మ్యాథ్స్ సారుకే తెలియదు.

డెల్టా_కామర్స్
వశిష్ట గారూ, బ్యానర్ పేరు ఎత్తారు కాబట్టి ఒక చిట్కా. బ్యానర్ మీద సంవత్సరం వేయించకుండా క్లబ్బు పేరు మాత్రమే వేయిస్తే మూడేళ్ళు వస్తుంది. తేదీ కాగితం మీద రాసి పిన్ను పెట్టండి. ఆ మిగిలిన డబ్బుతో తాపేశ్వరం కాజాలు తెప్పిస్తే హాజరు తప్పకుండా పెరుగుతుంది 😊

భీమవరం_బాటనీ
దినాలు కాకుండా పని ఏమిటంటే, ఒక ఉదాహరణ చెబుతాను. మన డెల్టాలో ఎకో క్లబ్‌కి చేతికందే పని నీళ్ళు. కాలువ, చేపల చెరువు, రొయ్యల చెరువు, బోరు, ఈ నాలుగు చోట్ల నెలకోసారి కొలిచి, ఒకే రిజిస్టర్‌లో రాయండి. రెండేళ్ళకి ఊరికి పనికొచ్చే లెక్క తయారవుతుంది.

ఉప్పదనానికి చేతి రిఫ్రాక్టోమీటర్ చాలు. ప్రతిసారీ డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకి సరిచేసుకోవాలి. ఇది మర్చిపోతే ఆ నెల అంకెలన్నీ ఒకే వైపు జరిగిపోతాయి.

కరిగిన ఆక్సిజన్‌కి వింక్లర్ పద్ధతి. 300 మి.లీ. బీఓడీ సీసా, బుడగ లేకుండా పొంగేదాకా నింపాలి. మాంగనీస్ సల్ఫేట్ 1 మి.లీ., ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 1 మి.లీ., పిపెట్ కొన నీళ్ళలో ముంచి వదలాలి. మూతపెట్టి తిరగేసి కలిపితే గోధుమరంగు మడ్డి కట్టాలి. తెల్లగానే ఉంటే ఆక్సిజన్ దాదాపు లేనట్టు. ఈ పని చెరువు గట్టు మీదే జరగాలి. ఊరికే సీసాలో పట్టుకొచ్చి ల్యాబ్‌లో మొదలుపెడితే దారిలోనే అంకె మారిపోతుంది. తర్వాత సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మి.లీ. వేస్తే మడ్డి కరుగుతుంది. అందులోంచి 201 మి.లీ. తీసుకుని 0.025 నార్మల్ హైపో (సోడియం థయోసల్ఫేట్)తో టైట్రేట్ చేయాలి. రంగు లేత గడ్డి పసుపుకి వచ్చాకే స్టార్చ్ వేయాలి. నీలం పోయిన చోట ఆపితే, ఖర్చయిన హైపో మి.లీ.లే లీటరుకి మి.గ్రా. ఆక్సిజన్. లెక్క కూడా అక్కర్లేదు.

అజైడ్ విషం, ఆమ్లం గాఢమైనది. గ్లోవ్స్ లేకుండా పిల్లల చేతికివ్వకండి.

పంటి_రేవు
చెరువులో ఎన్నింటికి కొలవాలి? మధ్యాహ్నం క్లబ్ అవర్‌లో వెళ్తే అంకె బాగానే వస్తుంది కదా?

భీమవరం_బాటనీ
సరిగ్గా అదే పొరపాటు చేస్తుంటారు. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అన్నీ కలిసి వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ. చెరువు పక్క ఊరి పిల్లలకే సీసాలిచ్చి, పొద్దున్నే ఫిక్స్ చేసి, అంటే గ్లోవ్స్ వేసుకుని మొదటి రెండు మందులూ గట్టు మీదే కలిపి, కాలేజీకి తెచ్చేలా ముందు నేర్పాలి. కాలువకి మధ్యాహ్నమైనా పర్వాలేదు, కానీ ప్రతినెలా అదే వేళ. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ఆ నెలల గడి ఖాళీగా వదిలి, కారణం రాయండి.

రాజోలు_రాణి
రెడ్ రిబ్బన్ సంగతి నేను చెబుతాను. రక్తదాన శిబిరం పెట్టినప్పుడు జరిగే పెద్ద తప్పు ఫస్టియర్ పిల్లల్ని వరుసలో నిలబెట్టడం. వాళ్ళలో చాలామందికి 17 ఏళ్ళే. 18 నిండాలి, బరువు 45 కిలోలు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఆడపిల్లల్లో చాలామంది అక్కడే ఆగిపోతారు, వాళ్ళని చిన్నబుచ్చకుండా రిజిస్ట్రేషన్ టేబుల్ పని ఇవ్వండి. మళ్ళీ ఇవ్వడానికి మగవాళ్ళకి 90 రోజులు, ఆడవాళ్ళకి 120 రోజులు ఆగాలి. దాతల రిజిస్టర్‌లో చివరిసారి ఇచ్చిన తేదీకి ఒక గడి తప్పకుండా గీయండి. బస్సు కోసం టిఫిన్ మానేసి వచ్చిన వాళ్ళెవరో ముందే అడిగి, తినిపించాకే పంపండి. కళ్ళు తిరిగి పడేది ఎక్కువగా వాళ్ళే.

లంక_లెక్చరర్
ఎకో, రెడ్ రిబ్బన్ దారి దొరికింది. ఆనర్ సొసైటీ సంగతి?

కాకినాడ_ఈసీఈ
ముందు అసలు అవేమిటో. అమెరికాలో మొట్టమొదటిది ఫై బీటా కప్పా, 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో మొదలైంది. ఆర్ట్స్, సైన్స్ పిల్లలకి. తమ శాఖ ఉన్న అమెరికా కాలేజీల నుంచే తీసుకుంటుంది. అంటే మన పిల్లకి ఆ పేరుతో మెయిల్ వస్తే చదవకుండా తీసేయొచ్చు. ఇంజినీరింగ్‌కి టౌ బీటా పై, 1885. అన్ని సబ్జెక్టులకీ కలిపి ఫై కప్పా ఫై, 1897. రెండేళ్ళ కాలేజీలకి ఫై థీటా కప్పా, 1918.

గమనించాల్సింది ఎంపిక పద్ధతి. ఫై కప్పా ఫైలో మూడో ఏడాది వాళ్ళలో పై 7.5 శాతం, నాలుగో ఏడాదిలో పై 10 శాతం. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్ళ ‘ఈటా కప్పా న్యూ’ ఇప్పుడు ఆ రంగం ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈలో భాగం, 2010లో కలిసింది. అందులో మూడో ఏడాది వాళ్ళలో పై నాలుగో వంతు, నాలుగో ఏడాదిలో పై మూడో వంతు. ఈ రెండూ చూసేది క్లాసులో స్థానం. “8.5 సీజీపీఏ దాటితే చాలు” లాంటి గీత ఒక్కటే పెట్టి ఊరుకోలేదు.

తణుకు_ఫిజిక్స్
గీతే నయం కదా కాకినాడ గారూ. పిల్లకి ముందే తెలుస్తుంది ఎంత తెచ్చుకోవాలో. స్థానం అంటే పక్కవాడు ఓడితేనే నేను నెగ్గేది. స్నేహాలు పాడవుతాయి.

కాకినాడ_ఈసీఈ
మీ మాటలో న్యాయం ఉంది. కానీ డిపార్ట్‌మెంట్లన్నిటికీ ఒకే గీత పెట్టి చూడండి. ల్యాబ్, ఇంటర్నల్ మార్కులు ఎక్కువగా పడే కోర్సు నుంచి పదిహేను మంది వస్తారు, థియరీ మాత్రమే ఉన్న కోర్సు నుంచి ఒక్కరూ రారు. మరుసటేడాది ఆ డిపార్ట్‌మెంట్ పిల్లలు దరఖాస్తు కూడా చేయరు.

డెల్టా_కామర్స్
రెండూ కలపొచ్చు. డిపార్ట్‌మెంట్ వారీగా పై 10 శాతం, దానితో పాటు కనీసం 7.5 సీజీపీఏ, బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టు) ఉండకూడదు. చిన్న కాలేజీ లెక్క ఎలా ఉంటుందంటే, కామర్స్‌లో 52, కంప్యూటర్స్‌లో 34, లైఫ్ సైన్సెస్‌లో 24 మంది ఉన్నారనుకోండి. 10 శాతమంటే 5.2, 3.4, 2.4. కిందికి కుదిస్తే 5, 3, 2, మొత్తం 10. పైకి తీసుకుంటే 6, 4, 3, మొత్తం 13. పైకే తీసుకోండి. 24 మందిలో ఇద్దరే అంటే మూడోవాళ్ళకి జరిగే అన్యాయం పెద్దది. చివరి స్థానంలో ఇద్దరికి సమానంగా వస్తే ఇద్దర్నీ తీసుకోవాలి. పుట్టినతేదీ, ఇంటర్ మార్కులు చూసి ఒకర్ని తీసేయడం మొదలుపెడితే గొడవలు ఆగవు.

ఇవన్నీ ముందే రాసి, సంతకాలతో నోటీసు బోర్డులో పెట్టాలి. ఫలితాలొచ్చాక నియమం రాస్తే ఎవరికోసమో రాశారంటారు, అనడమూ సహజమే.

వశిష్ట_తీరం
మార్కులొక్కటేనా? కాలేజీకి కబడ్డీ ఆడేవాడు, గోడపత్రిక ఒంటిచేత్తో నడిపేవాడు లెక్కలోకి రారా?

డెల్టా_కామర్స్
వాళ్ళకి వేరే గుర్తింపు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వాలి. ఎన్ఎస్ఎస్ సర్టిఫికెట్ ఉంది, ఎన్‌సీసీ ఉంది. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్లో కనీసం బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం ఉంటే సైన్యంలో అధికారిగా స్పెషల్ ఎంట్రీకి అర్హత. ఆనర్ సొసైటీ బ్యాడ్జీ కంటే పెద్ద తలుపు అది. అన్నిటినీ ఒకే సొసైటీలో కలిపితే ‘నాయకత్వానికి 20 మార్కులు’ అంటూ ఒక గడి పుడుతుంది, ఆ గడిలో ఎవరికెంత వేయాలో లెక్చరర్ల ఇష్టం.

పీవో_మాస్టారు
‘సత్ప్రవర్తన’ గడి కూడా అలాంటిదే. అమెరికా సొసైటీల్లో క్యారెక్టర్ అనే మాట ఉంది. మన దగ్గర దాన్ని “ఎదురు మాట్లాడే పిల్ల” మీద వాడతారు. పెట్టాలనుకుంటే రెండే వాక్యాలు రాయండి. పరీక్షలో మాల్‌ప్రాక్టీస్ కేసు ఉంటే అనర్హులు. గత ఏడాదిలో రాతపూర్వకమైన క్రమశిక్షణ చర్య ఉంటే అనర్హులు. నోటిమాట ఫిర్యాదులు లెక్కలోకి రావు.

కాలువ_గట్టు
జాబితా పెట్టాక అభ్యంతరాలకి 7 రోజులివ్వండి. బోర్డు మీద ఎంపికైన వాళ్ళ పేర్లే ఉండాలి. రానివాళ్ళ సీజీపీఏ అతికించకండి.

గౌతమి_గట్టు
ఎప్పుడు ఎంపిక చేయాలన్నది ఎవరూ తేల్చలేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫైనలియర్‌లో తీసుకుంటే ఉపయోగం లేదు. మన రాష్ట్రంలో డిగ్రీ వాళ్ళకి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ ఉంది, ఆ ఆర్నెల్లు పిల్లలు క్యాంపస్‌లోనే ఉండరు. మొదటి ఏడాది వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు 180 గంటలు సరేసరి. కాబట్టి మూడో సెమిస్టర్ ఫలితాలు రాగానే, నాలుగో సెమిస్టర్ మధ్యలో తీసుకోండి. అప్పుడు కనీసం ఒక ఏడాది పని చేయించుకోవచ్చు. యూనివర్సిటీ ఫలితాలు ఒక్కోసారి ఆలస్యమవుతాయి, రీవాల్యుయేషన్ ఉంటుంది. “ఫిబ్రవరి 10 నాటికి మెమోలో ఉన్న మార్కులే ప్రాతిపదిక” అని తేదీ కట్టేయండి. తర్వాత రీవాల్యుయేషన్‌లో పెరిగితే చేర్చండి, తగ్గితే తీసేయకండి.

పంటి_రేవు
పని చేయించుకోవచ్చు అన్నారు. ఏం పని? బ్యాడ్జీ ఇచ్చి ఫొటో తీసుకోవడమే కదా?

గౌతమి_గట్టు
ఆ ఒక్కదానికే అయితే అసలు పెట్టొద్దు. సభ్యులు ఒక్కొక్కరు ఏడాదికి 20 గంటలు జూనియర్లకి పాఠం చెప్పాలని నియమంలోనే రాయాలి. 13 మంది ఉంటే 260 గంటలు. సప్లిమెంటరీ రాయాల్సిన పిల్లలకి అది చిన్న సాయం కాదు. ఒక్కొక్కరికి నలుగురు, అంతకు మించొద్దు.

తణుకు_ఫిజిక్స్
ర్యాంకర్ అయినంత మాత్రాన చెప్పడం వచ్చేయదు గౌతమి గారూ. తనకి తేలిగ్గా వచ్చింది అవతలివాడికి ఎందుకు రావట్లేదో వాళ్ళకి అర్థం కాదు, విసుక్కుంటారు. రెండో వారానికి జూనియర్లు మానేస్తారు.

గౌతమి_గట్టు
నిజం. అందుకే వదిలేయకుండా ఒక మూస ఇవ్వాలి. గత అయిదేళ్ళ ప్రశ్నపత్రాలు తీసి, పదేపదే వచ్చిన ప్రశ్నలు ఆరు వారాలకి పంచండి. క్లాసు 45 నిమిషాలు. మొదటి 10 నిమిషాలు పోయినవారం చెప్పిన దాని మీద చిన్న పరీక్ష, 25 నిమిషాలు చెప్పడం, చివరి 10 నిమిషాలు జూనియరే బోర్డు దగ్గరికెళ్ళి చేయడం. ఆ చివరి పది నిమిషాల్లోనే ఎక్కడ ఆగిపోతున్నాడో కనపడుతుంది. సబ్జెక్టు లెక్చరర్ రెండు వారాలకోసారి వెనక బెంచీలో కూర్చుంటే చాలు.

తణుకు_ఫిజిక్స్
ఇలా అయితే ఒప్పుకుంటాను. ఇంకొకటి చేర్చండి, ఇంగ్లిష్ మీడియం పుస్తకం పక్కన పెట్టుకుని తెలుగులో చెప్పొచ్చని స్పష్టంగా రాయండి. ఫిజిక్స్‌లో ఆగిపోయే సగం మంది ఆగేది ఫిజిక్స్ దగ్గర కాదు.

రాజోలు_రాణి
రుసుము ఎంత పెడతారు?

డెల్టా_కామర్స్
సున్నా. మార్కులు తెచ్చుకున్న పిల్ల ఫీజు కట్టలేక ఆగిపోతే ఆ గౌరవానికి అర్థం లేదు. ఖర్చెంతని? 300 జీఎస్ఎం కాగితం మీద సర్టిఫికెట్లు, మామూలు పిన్ను బ్యాడ్జీలు, టీ. 13 మందికి మూడువేల లోపు తేల్చొచ్చు. శాలువాలు, ఫ్లెక్సీలు మొదలుపెడితేనే పెరుగుతుంది.

పీవో_మాస్టారు
చేర్చుకునే సభ గురించి ఒక హెచ్చరిక. కొవ్వొత్తులు, ప్రమాణం వరకు బాగుంటుంది. సీనియర్లు కొత్తవాళ్ళ చేత ‘సరదాగా’ పాటలు పాడించడం, పరీక్షలు పెట్టడం లాంటివి ఒక్కటి కూడా ఉండకూడదు. యూజీసీ 2009 ర్యాగింగ్ నిబంధనల కిందికి నేరుగా వస్తాయి. సభ పగలు, తల్లిదండ్రులు వచ్చే వేళకి పెట్టండి. లంకలో కొబ్బరి దింపుకునే నాన్న బిడ్డ పేరు మైకులో వింటే, ఆ బిడ్డ తర్వాత పీజీకి వెళ్తానన్నప్పుడు కాదనడు.

వశిష్ట_తీరం
మాస్టారూ, ఈ మాట కోసమైనా ఆనర్ సొసైటీ పెట్టాలి.

కాకినాడ_ఈసీఈ
మెయిల్స్ సంగతికి వస్తున్నాను. డెల్టా గారు కట్టొద్దన్నారు. ఇంకొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే రుసుము అడిగినంత మాత్రాన మోసం కాదు. పైన చెప్పిన అసలైన సొసైటీల్లో కూడా చేరేటప్పుడు కట్టేది ఉంటుంది. పరీక్ష వేరే. వరుసగా చూడండి.

ఒకటి, మన కాలేజీలో వాళ్ళ శాఖ ఉందా? అసలైనవి మామూలుగా కాలేజీలోని శాఖ ద్వారానే, కాలేజీ ఇచ్చిన ర్యాంకుల నుంచే పిలుస్తాయి. రెండు, మీ మార్కులు వాళ్ళకెలా తెలిశాయి? ఈ ఒక్క ప్రశ్నకి తిరుగు మెయిల్‌లో జవాబు అడగండి, చాలామటుకు అక్కడే తేలిపోతుంది. మూడు, ఎవరి సంతకం? మీ కాలేజీలో పనిచేసే అధ్యాపకుడి పేరు లేకపోతే అనుమానించాలి. నాలుగు, అమెరికాలో ఇలాంటి సొసైటీల సంఘం 1925 నుంచి ఉంది, అసోసియేషన్ ఆఫ్ కాలేజ్ ఆనర్ సొసైటీస్. దాని సభ్యుల జాబితాలో పేరు చూడండి. లేనంత మాత్రాన దొంగది అనలేం, ఉంటే మాత్రం కొంత ధైర్యం. అయిదు, ‘48 గంటల్లోగా’ అని తొందరపెట్టడం, యూపీఐ, ఓటీపీ అడగడం. ఇక్కడ ఆగిపోవాలి.

పంటి_రేవు
ఎమ్మెస్‌కి వెళ్ళేవాళ్ళు రెజ్యూమేలో పెట్టుకుంటే ఉపయోగం ఉంటుందని కట్టేస్తున్నారు చాలామంది.

కాకినాడ_ఈసీఈ
డబ్బు కట్టి తెచ్చుకున్న సభ్యత్వం చూసి సీటు ఇవ్వరు. మార్కుల జాబితా, ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసం), రికమెండేషన్ లెటర్లు చూస్తారు. “రెండేళ్ళు ఎకో క్లబ్‌లో చెరువు నీటి లెక్కలు రాశాను” అన్న వాక్యానికి ఆధారం చూపగలిగితే ఆ లెటర్‌కి బలం వస్తుంది.

పక్కన ఇంజినీరింగ్ కాలేజీల వాళ్ళు చదువుతుంటే ఒక మాట. ఐఈఈఈ స్టూడెంట్ బ్రాంచికి కనీసం 10 మంది విద్యార్థి సభ్యులు, ఐఈఈఈ సభ్యుడైన ఒక కౌన్సెలర్ కావాలి. సభ్యత్వం క్యాలెండర్ ఏడాది లెక్క, జనవరి నుంచి డిసెంబరు. మే నెలలో ఫైనలియర్ వెళ్ళిపోయాక లెక్క పడిపోతుంది. సెకండియర్ వాళ్ళని ముందే చేర్చుకోని బ్రాంచిలు ఇలాగే మూలపడతాయి.

కాలువ_గట్టు
క్లబ్బుల కార్యదర్శులకి ఎన్నిక పెట్టాలా, నామినేషనా?

పీవో_మాస్టారు
30 మంది క్లబ్బుకి ఎన్నిక వద్దు. కులం, ఊరు, గ్రూపులు లోపలికొస్తాయి.

వశిష్ట_తీరం
నామినేషన్‌లో రావా మాస్టారూ? లెక్చరర్‌కి దగ్గరివాళ్ళే వస్తారు. చీటీ మీద రహస్య ఓటు పెట్టండి, పది నిమిషాల పని. లింగ్డో కమిటీ సిఫార్సులు విద్యార్థి సంఘాల ఎన్నికలకి చెప్పినవే అయినా అందులోంచి రెండు తీసుకోవచ్చు. 75 శాతం హాజరు, ఆ ఏడాది బ్యాక్‌లాగ్ లేకపోవడం. పదవికి ఒక్కసారే అవకాశం అన్నది మూడోది, అదీ మంచిదే.

పీవో_మాస్టారు
రహస్య ఓటు, ప్రచారం లేకుండా అంటే సరే. ప్రచారం వద్దన్నది నోటీసులో రాయండి.

రాజోలు_రాణి
అప్పగింత గురించి కూడా రాయండి ఎవరైనా. క్లబ్బు జీమెయిల్ పాస్‌వర్డ్ పోయిన ఏడాది కార్యదర్శి ఫోన్‌కి ముడిపడి ఉంటుంది, ఆ పిల్ల పెళ్ళయి హైదరాబాద్‌లో ఉంటుంది, నంబరు మారిపోయి ఉంటుంది. రికవరీ నంబరు కాలేజీ ఆఫీసుది పెట్టాలి. ఫొటోలు, నివేదికలు అన్నీ ఆ ఒక్క ఖాతాలోనే ఉండాలి, సొంత ఫోన్లలో కాదు.

భీమవరం_బాటనీ
ఫొటోల గురించి ఇంకోటి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో లొకేషన్ వివరం ఉండదు, అది పంపేటప్పుడే పోతుంది. జియోట్యాగ్ కావాలంటే తీసేటప్పుడే తేదీ, స్థలం బొమ్మ మీద ముద్రపడే కెమెరా యాప్‌తో తీయాలి, లేదా డాక్యుమెంట్‌గా పంపాలి. తీసే ముందు ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేశారో లేదో చూసుకోండి. కార్యక్రమానికి అయిదు ఫొటోలు చాలు, అందులో ఒకటి పిల్లలు పని చేస్తున్నది అయ్యుండాలి, అతిథికి పూలగుత్తి ఇస్తున్నది కాదు.

డెల్టా_కామర్స్
డబ్బు లెక్క కూడా ఒక ముక్క. క్లబ్బుల పేరుతో ఎవరి సొంత ఖాతాలోకీ ఫోన్‌పే వసూళ్ళు వద్దు. ప్రిన్సిపాల్, కన్వీనర్ ఇద్దరి సంతకాలతో ఒకే జాయింట్ ఖాతా, లోపల క్లబ్బు వారీగా లెడ్జర్ పేజీలు. ఆటో ఖర్చుకి బిల్లు ఉండదు కాబట్టి తెల్లకాగితం వోచర్ మీద డ్రైవర్ సంతకం, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి. ఆడిట్‌లో ఆగేది ఎక్కువగా ఈ ఆటో వోచర్ల దగ్గరే.

లంక_లెక్చరర్
అందరికీ చాలా థాంక్సండి. రేపటి స్టాఫ్ మీటింగ్‌లో పెట్టేది ఇది. పేర్లు ఎన్ని ఉన్నా నడిచే బృందాలు ఆరు. ల్యాబ్ లేని గంట చూసి గురువారం లంచ్ ముందు క్లబ్ అవర్. ఏడాదికి 8 మీటింగులు, కాలువ గారు చెప్పిన రెండు ముక్కల్లో. ఎకో క్లబ్‌కి నీళ్ళ రిజిస్టర్. ఆనర్ సొసైటీ మూడో సెమిస్టర్ మార్కులతో, డిపార్ట్‌మెంట్ వారీ 10 శాతం పైకి, కనీసం 7.5, రుసుము లేదు, 20 గంటల బోధన. మెయిల్ వచ్చిన పిల్లల చేత “మా మార్కులు మీకెలా తెలిశాయి” అని ఈ సాయంత్రమే రాయిస్తున్నాను.

కాలువ_గట్టు
గురువారం మీ ఊళ్ళో సంత లేదు కదా? సంత రోజు సగం మంది అమ్మకి సాయానికి ఆగిపోతారు.

లంక_లెక్చరర్
ఆయ్, సంత బుధవారమండి. గురువారం ఖాయం.